నొప్పి తెలియని కాలు

1976 వేసవి. కొత్తగూడ కూడలికి కాస్త లోపలగా, బండరాళ్ళ మధ్య, రేకుల కప్పు వేసిన రెండు గదుల ధర్మ దవాఖానలో నేను డ్రెస్సర్‌ని. డ్రెస్సర్ అంటే పుండు కడిగి, మందు వేసి, కట్టు కట్టేవాడు. డాక్టరు కాదు, కంపౌండరూ కాదు. కానీ కొండాపూర్ నుంచి గోపన్‌పల్లి దాకా జనం నన్ను కంపౌండర్ సారనే పిలిచేవారు, నేనూ వద్దనలేదు. దవాఖాన పెట్టించింది రాళ్ళు కొట్టించే ఒక కాంట్రాక్టరు. మధ్యాహ్నం ఆయన మనుషులు గుట్టలో తూటాలు పేలిస్తే మా అలమారలో సీసాలు గణగణ మోగేవి. ఆ పేలుళ్ళలో దెబ్బలు తగిలినవాళ్ళే మా దగ్గరికి వచ్చేవాళ్ళు. పనీ పుణ్యమూ ఒకే గుట్టలోంచి తవ్వుకున్న మహానుభావుడు.

మాది కృష్ణా జిల్లా. కట్టు కట్టడం నాకొచ్చిన మొదటి విద్య, కోతలు కోయడం రెండోది. ఈ రెండూ కలిపి నేనొక పద్ధతి తయారుచేసుకున్నాను. పుండుకి అంటుకుపోయిన గుడ్డను లాగేటప్పుడు మనిషి చూపు నా నోటి మీద ఉండాలి, తన పుండు మీద కాదు. అందుకని కత్తెర పట్టుకోగానే ఒక కథ ఎత్తుకునేవాణ్ణి. కృష్ణకు వరదొచ్చినప్పుడు మా గేదె మూడు రోజులు నీళ్ళలో కొట్టుకుపోయి ఒడ్డెక్కిందనీ, ఆ కుదుపుకి పొదుగులోనే పాలు చిలికి వెన్న అయ్యాయనీ చెప్పేవాణ్ణి. రాళ్ళు కొట్టే మొరటు మనుషులు నోరు తెరుచుకుని వింటూండగా పని కానిచ్చేసేవాణ్ణి. "ఈ సారు చేతిలో నొప్పే తెల్వది" అని పేరొచ్చింది. ఆ పేరు నా నెత్తికెక్కింది.

ఇప్పుడు రాస్తున్నదాంట్లో మాత్రం కోత లేదు. ఉంటే బాగుండేది.

రాజయ్య గౌడ్‌ది కొండాపూర్. గోపన్‌పల్లి వాగు పక్కన ఈత చెట్లు గీసి కల్లు తీసేవాడు. నా ఈడువాడే, నలభై ఆరో నలభై ఏడో. ఒళ్ళంతా ఎండిన తాడులా ఉండేవాడు. అతను తనంతట తాను రాలేదు, భార్య సత్తెమ్మ లాక్కొచ్చింది.

"సార్, ఈయన కాలు వాసనొస్తున్నది. ఇంటిల్లిపాదికి ఎరుకైతున్నది, ఈయనకే తెల్వది" అంది.

ఎడమ పాదం అడుగున, బొటనవేలి మొదట్లో, చింతగింజంత రంధ్రం. చుట్టూ చర్మం గట్టిపడి తెల్లగా ఉంది, వేలితో నొక్కితే చీము వచ్చింది. ఎప్పటినుంచి అని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతకుముందు రెండుసార్లు మూల మీది మందుల దుకాణంలో ఎరుపు పసుపు గొట్టం గోలీలు, అంటే టెట్రాసైక్లిన్ క్యాప్సూల్స్, నాలుగేసి చొప్పున తీసుకుని మింగాడట. చీము ఆగిందట, మళ్ళీ వచ్చిందట.

మూత్ర పరీక్ష నేనే చేశాను. పరీక్ష గొట్టంలో నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణం పోసి, నాలుగు చుక్కలు మూత్రం వేసి దీపం మీద కాచితే, చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది. రాజయ్యది కొత్త ఇటుకలా ఎర్రబడింది. మంగళ, శుక్రవారాల్లో వచ్చే డాక్టరుగారు చూసి షుగరుకు మాత్రలు, పుండుకు వారానికి సరిపడా క్యాప్సూల్స్, రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ రాశారు. ఆయన ఉండేది రెండు గంటలు, బయట కూర్చున్నవాళ్ళు నలభైమంది. కట్టు విప్పి చూసే తీరిక ఆయనకు లేదు. ఆ తరువాత ప్రతిసారీ ఆయన నన్నడిగింది ఒకటే: "పొడిగా ఉందా?"

పొడిగానే ఉంచాను. అక్కడే ఉంది నా ప్రతాపమంతా. అప్పట్లో డ్రెస్సర్లమందరం చేసే పని ఒకటుండేది. క్యాప్సూల్‌ని మధ్యకు విరిచి అందులోని పసుపు పొడి నేరుగా పుండు మీద చల్లేవాళ్ళం. నాకెవరు నేర్పారో గుర్తులేదు, నేను పదిమందికి నేర్పాను. చల్లిన పొడి తడిని పీల్చుకుని పెచ్చు కడుతుంది. ఎండిన పుండే మానే పుండు అన్నది మా వేదం. పెచ్చు కట్టిందంటే నాకు పండగ.

నాలుగు రోజులకు చీము ఆగింది. గోలీలు ఒంటికి వేడి చేస్తున్నాయి, కళ్ళు మండుతున్నాయి, ఆపొచ్చా అని సత్తెమ్మ అడిగింది. వారం పూర్తిగా మింగాలని డాక్టరు చీటీ మీద రాసి ఉంది, ఆ చీటీ నా చేతిలోనే ఉంది. "పుండు ఎండింది కదమ్మా, ఇంకెందుకు వేడి? మజ్జిగ తాగించు. మిగిలినవి దాచు, మళ్ళీ అవసరమైతే ఉంటాయి" అన్నాను. ఆమె వాటిని పోపులడబ్బాలో దాచింది. తరువాత తెలిసింది, వీధిలో ఎవరికి చెవి నొప్పొచ్చినా, ఎవరికి సెగ్గడ్డ లేచినా ఆ పోపులడబ్బా మూత తీసేవారని.

పదిరోజులకు చీము మళ్ళీ వచ్చింది. మళ్ళీ మూడు రోజులు గోలీలు, మళ్ళీ పొడి, మళ్ళీ పెచ్చు, మళ్ళీ మజ్జిగ. ఆరు వారాల్లో నాలుగుసార్లు ఇదే తంతు. ప్రతిసారీ ఆగడానికి ఇంకో రోజు ఎక్కువ పట్టేది. నాలుగోసారి పూర్తిగా ఆగనే లేదు. అది నాకు కనిపించలేదు, ఎందుకంటే నేను కథలో ఉన్నాను.

రాజయ్య లాంటి శ్రోత నాకు దొరకలేదు. చెట్టెక్కేవాడికి చెట్టు కథే చెప్పాలని మా మేనమామ మీద ఒకటి అల్లాను. ఆయన ఎక్కిన తాడి చెట్టు ఎంత ఎత్తంటే, ఉగాదినాడు మొదలుపెడితే సగం ఎక్కేసరికి దసరా వచ్చింది, ఎక్కేటప్పుడు లేని మీసం దారిలో మొలిచింది అని మొదలుపెట్టాను.

రాజయ్య నవ్వలేదు. తల పంకించి, "గంతేనా సార్? మా తాత ఎక్కిన చెట్టు మీదికెల్లి పట్నం కనవడేది. గడియారం స్తంభం మీద టైము జూసి కిందికి కేకేసి చెప్పేటోడు. ఆ మాట కింద పడేవరకు తెల్లారి టైమయ్యేది" అన్నాడు.

ఇలాంటివాడు దొరికితే కోతలరాయుడికి అంతకన్న ఏం కావాలి? మామను చెట్టు దించకుండా ఆరు వారాలు నడిపించాను. రోజుకో అడ్డంకి: ఒకరోజు మబ్బు అడ్డం, ఒకరోజు గద్దలతో గొడవ. గుడ్డ లాగుతుంటే, చచ్చిన చర్మం కత్తిరిస్తుంటే, రాజయ్య కనురెప్ప కూడా కదల్చలేదు. పక్క బెంచీ మీద చేతికి కట్టు కట్టించుకునే రాతిపనివాడు గుడ్లనీళ్ళు కుక్కుకుంటుంటే, "చూడవోయ్, రాజయ్య గౌడ్‌ని చూసి నేర్చుకో" అనేవాణ్ణి.

"నాకు నొప్పే లేదు సార్. మీ మామ మస్తు మందు" అన్నాడు రాజయ్య. ఆ మాట ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్పుకున్నాను. సిగ్గులేకుండా.

మూడో వారమో నాలుగో వారమో, నేను పొడి చల్లుతుంటే, ఆ పాదం వైపు మొదటిసారి వంగి చూసి అతనొక మాటన్నాడు.

"సార్, ఒకటడుగుత. లొట్టి ఉంటది గద, కల్లు పట్టే కుండ. లోపల గోడకు మడ్డి పడ్తది. నీళ్ళు పోసి ఎంత ఆడిచ్చినా పైకి సాఫ్ అయినట్టె కనవడ్తది. మల్ల కొత్త కల్లు పోస్తే జాము తిరగకముందె నురగలు కక్కి పులుస్తది. అందుకని పుల్లతోని గోకి, మంట మీద బోర్లిచ్చి కాలుస్తం. నువ్వు పైన చల్లుతున్నవ్ గని, లోపల మడ్డి అట్లనే ఉన్నది గావచ్చు."

నేనేమన్నానో నాకిప్పటికీ మాట మాటా గుర్తుంది. "అయితే నీ కాలు కూడా మంట మీద బోర్లించమంటావా?" అన్నాను. అందరూ నవ్వారు. రాజయ్య కూడా నవ్వాడు. నేను పొడి ఇంకాస్త ఎక్కువ చల్లి, మామను ఇంకో రెండు బారలు పైకెక్కించాను.

ఒక మంగళవారం పొద్దున అతన్ని ఎద్దుబండి మీద పడుకోబెట్టి తెచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది. పాదం గుమ్మడికాయలా వాచింది, ఎర్రచార మడమ దాటి పిక్కకెక్కింది, బొటనవేలు రంగు మారింది. నా పెచ్చు మాత్రం చెక్కుచెదరకుండా, పొడిగా, ముద్రేసినట్టు అక్కడే ఉంది. డాక్టరుగారు ఆరోజు మొదటిసారి కట్టు విప్పి చూశారు. చూసి, పట్నం పెద్ద దవాఖానకు చీటీ రాసి, "ఇంతదాకా ఏంచేశారయ్యా?" అని నన్నడిగారు. ఆ ప్రశ్నకు నాకు మండిన మంట ఇంతా అంతా కాదు. చీటీ అందుకుని బండి వెతకడానికి బయటికి నడిచాను.

రాళ్ళ లారీ ఒకటి పట్నం పోతుంటే, రాళ్ళు సర్ది జాగా చేసి పరుపేశాం. సత్తెమ్మ తల దగ్గర, నేను కాళ్ళ దగ్గర. దారి పొడుగునా సత్తెమ్మ ఒకటే అడిగింది, కాలు ఉంటదా సార్ అని. చెట్టెక్కేవాడికి కాలంటే అన్నం. కాళ్ళకు తాడు బంధం వేసుకుని, బొటనవేళ్ళతో చెట్టును పట్టుకుని ఎక్కుతారు వాళ్ళు. నోరు విప్పితే వంద అబద్ధాలొచ్చే నాకు, ఉంటుందమ్మా అన్న ఒక్క అబద్ధం నోట రాలేదు.

అక్కడ చూసింది ఒక లేడీ సర్జను, మావైపు మనిషే. ఆమె ముందు పొడి పెచ్చు మీద తడిగుడ్డ వేసి నానబెట్టి ఎత్తేసింది. కింద రాజయ్య చెప్పిందే ఉంది. బూడిద రంగులో, మెరుస్తూ, కుండ గోడకు పట్టిన మడ్డి లాంటి జిగురు పొర. తరువాత ప్రోబ్ తీసుకుంది. అది చివర మొద్దుగా ఉండే సన్నని ఉక్కు పుల్ల, పుండు ఎంత లోతో చూసేది. నా ట్రేలోనూ ఒకటి ఉంది, కొన్ననాటి మెరుపు పోకుండా. ఆమె దాన్ని రంధ్రంలో పెట్టి మెల్లగా నెట్టింది. అది రెండంగుళాలు లోపలికి పోయి 'టక్' మంది. ఎముక.

రాజయ్య కదల్లేదు. ఆమె మొహంలోకి చూస్తున్నాడు, ఈమె కథెప్పుడు మొదలుపెడుతుందా అన్నట్టు.

"మీరెప్పుడైనా ఇలా పెట్టి చూశారా అండి?" అని నన్నడిగింది.

"లేదండి. అతనికి అసలు నొప్పి లేదండి" అన్నాను.

"అదేనండీ జబ్బు. షుగరు కాలి నరాల్ని చంపేసింది. నొప్పి లేదంటే మీరు భయపడాలి, సంతోషించడం కాదు."

నా కథల మహిమ ఎంతో ఆ గదిలో తేలిపోయింది. ఆరు వారాలు నేను మాయ చేసిందంతా చచ్చిన నరాల మీద. నా నోట్లో నాలుక లేకపోయినా, ఆ కాలికి నొప్పి తెలిసేది కాదు.

ఆ సాయంత్రమే కోసి కడిగారు. ఎముక పక్కన దొరికినదాన్ని ఆమె ట్రేలో పెట్టి నాకు చూపించింది: ఈత ముల్లు ముక్క, అంగుళం లోపు. దాని చుట్టూ అదే జిగురు, గాజు పూసినట్టు. ఎప్పుడో చెట్టు కింద గుచ్చుకుంది. తెలియని కాలు కాబట్టి తెలియలేదు. నలభై రోజులుగా నేను ఆ ముల్లు మీద మందు చల్లి మూత బిగిస్తూ వచ్చాను.

చీము కల్చర్‌కు పంపారు. చీములోని క్రిములను గాజుపళ్ళెంలో పెంచి, ఒక్కో మందు నానిన కాగితం బిళ్ళలు దాని మీద పెడతారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. రెండు రోజుల తరువాత ల్యాబు కిటికీ దగ్గర, అక్కడ పనిచేసే పెద్దాయన ఆ పళ్ళెం వెలుతురుకు పట్టి చూపించాడు. టెట్రాసైక్లిన్ బిళ్ళను ఆనుకుని, పొలం గట్టుదాకా మొలిచిన వరిలా, క్రిములు ఒత్తుగా ఉన్నాయి. పెన్సిలిన్ చుట్టూ అంతే, స్ట్రెప్టోమైసిన్ చుట్టూ అంతే.

"దేఖో మియా, ఈ మందులన్ని వీటికి దోస్తులైనయ్" అన్నాడాయన. "సగం సగం తినిపిచ్చి దోస్తీ చేయించిన్రు."

ఒకే ఒక్క సూదిమందు చుట్టూ కాస్త ఖాళీ కనిపించింది. అది మొదలుపెట్టారు. మూడు రోజులైనా జ్వరం దిగలేదు. పళ్ళెంలో చచ్చినవి కాలిలో ఎందుకు చావడంలేదని సర్జనుగారిని అడిగాను. పళ్ళెంలో అవి విడివిడిగా, నగ్నంగా ఉన్నాయని ఆమె చెప్పింది. కాలిలో గుంపుగా జిగురు కప్పుకుని ఎముకని పట్టుకుని ఉన్నాయి, మందు ఆ జిగురు దాటి అన్నిటినీ అందుకోలేదు, పైవి చస్తాయి, కిందివి మళ్ళీ లేస్తాయి అంది. "ముందు గోకాలి. గోకకుండా ఏ మందు పోసినా దండగే." చచ్చిన కండను, జిగురును కోసి గోకి తీసేయడాన్ని వాళ్ళు డిబ్రైడ్‌మెంట్ అంటారు. కొండాపూర్‌లో కల్లు గీసేవాళ్ళు లొట్టి గోకడమంటారు. నాకు నెల ముందే చెప్పిన మనిషి పక్క వార్డులో పడుకుని ఉన్నాడు.

అప్పటికి ఆలస్యమైంది. ఎముక కుళ్ళింది. పాదాన్నీ, పై కాలినీ నిలబెట్టడానికి బొటనవేలునీ దాని పక్క వేలునీ, వాటి వెనక ఎముకతో సహా తీసేశారు. రోజూ గోకుతూ, సూదులిస్తూ ఉంటే నెమ్మదిగా జ్వరం దిగింది. కాలు దక్కింది. నడుస్తాడు. చెట్టెక్కడు.

ఆ మాట అతనితో సర్జనుగారే చెప్పారు, నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె వెళ్ళాక రాజయ్య నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని ఈ మూడేళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో.

"సార్, మీ మామ దిగిండా?"

నాకు అర్థం కాలేదు.

"గా చెట్టు మీదున్నడు గద. నలభై దినాలాయె. దిగిండా, లేదా?"

సత్తెమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతనే చెప్పాడు.

"దిగిండనుకో. దిగినోడు మల్ల ఎక్కలేదు. గంతే."

తిరిగొచ్చిన రోజు నేను చేసిన మొదటి పని మూల మీది మందుల దుకాణం మీద పడటం. చీటీ లేకుండా, లెక్క లేకుండా, అడిగినవాడికి అడిగినన్ని గోలీలు ఎందుకిస్తావని నడిబజార్లో అరిచాను. అతను అంతా విని, కౌంటర్ మీద మోచేతులానించి, "నా దగ్గరికి వచ్చినోళ్ళందరు ఒకటే చెప్తరు. పుండు ఎండితే ఆపుమని కంపౌండర్ సార్ అన్నడు, వేడంట అని. ఆ సార్ ఎవరో నీకు ఎరుకనా?" అన్నాడు. చుట్టూ జనం. నేను అరుపు మింగి వచ్చేశాను. దాని రుచి ఇంకా నోట్లోనే ఉంది. రెండు గంటల్లో నలభైమందిని చూసే డాక్టరు మీద, గుట్టలు పేల్చి రేకుల దవాఖానతో పుణ్యం కట్టుకున్న కాంట్రాక్టరు మీద, ఈ దుకాణం మీద నాకు కోపం ఉంది, పోదు. కానీ పోపులడబ్బా మూత తెరిచింది నేను. పెచ్చు కట్టింది నేను. ఇంకెవరి మీదికి మళ్ళించినా ఆ కోపం తిరిగి తిరిగి నా గుమ్మంలోకే వస్తుంది.

రాజయ్య ఇప్పుడు తమ్ముడు దించిన కల్లుకు లొట్లు కడుగుతాడు. ఎడమ కాలికి టైరు చెప్పు, ముందు భాగంలో గుడ్డ కుక్కి ఉంటుంది. కొండాపూర్ వెళ్ళినప్పుడు చూస్తుంటాను. ఇంటి ముందు కూర్చుని ప్రతి లొట్టిలోనూ చెయ్యి పెట్టి, లోపలి గోడ పుల్లతో గోకి, ఈత మట్టల మంట మీద బోర్లించి కాలుస్తాడు. తొందరపడడు. లోపలికి ముక్కు పెట్టి వాసన చూసి, నచ్చకపోతే మళ్ళీ మొదటినుంచీ. నేను అటుగా వస్తే ఒక లొట్టి నా వైపు తిప్పి చూపిస్తాడు.

ఆ పొడి నేను మళ్ళీ చల్లలేదు. గోలీ ఎవరికిచ్చినా చివరిదాకా నా ముందు మింగిస్తాను, వేడి అన్నవాళ్ళతో తగాదా పెట్టుకుంటాను. ఆ తగాదాల్లో నాకు చెడ్డపేరే వచ్చింది, సారు మంచోడే గని ఈ మధ్య చిరచిరలాడుతుండు అని. షుగరు కాలు వస్తే ముందు పెచ్చు ఎత్తుతాను, ఉక్కు పుల్ల లోపలికి పెట్టి మనిషి మొహం చూస్తాను. కెవ్వుమని అరిచి నన్ను బూతులు తిడితే నా ప్రాణం లేచొస్తుంది, అప్పుడే గేదె కథ మొదలుపెడతాను. నొప్పి లేదు సార్ అంటే మాత్రం నోరు మూసుకుని, పట్నం చీటీ రాయించడానికి లేస్తాను.